మీద పడిన మందు

ఆటో గేటు దగ్గర మలుపు తిరుగుతుండగానే స్వర్ణలత ముక్కుకు వాసన తగిలింది. మదనపల్లెలోని ఆ ఆసుపత్రి క్యాజువాల్టీలో తల నెరిసిన హెడ్ నర్సు ఆమె. పురుగుమందు వాసన ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. టమాటా ధర పడిన ప్రతిసారీ, ఇంట్లో మాటా మాటా పెరిగిన ప్రతిసారీ ఏదో ఒక ఆటో ఆ వాసనను మోసుకొస్తుంది. మందు తాగిన కేసు వస్తోంది, ట్యూబు తీయండి అని లోపలికి కేకేసి, చేతులకు గ్లౌసులైనా తొడుక్కోకుండా స్ట్రెచర్ లాక్కొని బయటికొచ్చింది. ఆటోలో ఎవరున్నారో అప్పటికి ఆమె ఇంకా చూడనే లేదు.

ఆటోలో ఉన్నది వాణి అనే పాతికేళ్ళ పిల్ల. అత్త యశోదమ్మ ఒళ్ళో తలపెట్టుకొని పడి ఉంది. నోటి వెంట నురగ, కళ్ళ వెంట నీళ్ళు, ఒళ్ళంతా చెమట. భర్త మునిశేఖర్ డ్రైవరు పక్కనుంచి దూకి, ఏం చేయాలో తోచక ఆటో కమ్మీ పట్టుకొని నిలబడిపోయాడు. చౌడేపల్లె అవతల వాళ్ళ ఊరు. దారిలో పుంగనూరులో ఒక క్లినిక్కు దగ్గర ఆపితే, అక్కడి మనిషి గడప దాటి బయటికి కూడా రాకుండానే మదనపల్లె పొమ్మన్నాడట.

యశోదమ్మ స్ట్రెచర్ వెంట పరిగెత్తుతూ ఒకటే మాట చెప్పుకొస్తోంది.

"తాగలేదు సిస్టరమ్మా, మీద పడింది. అటక మింద డబ్బా దించతాండంగా మూత ఊడిపోయి నెత్తిన కారింది. మొగం కడుక్కోని తోటకు పోయింది, ఆడ పడిపోయింది."

స్వర్ణలత ఆ మాటను చెవిన వేసుకోలేదు. ఎందుకు వేసుకుంటుంది? అందరూ చెప్పేది అదే. అత్తతో పడక తాగిన కోడలైనా, పంట పోయి తాగిన రైతైనా, చుట్టాల నోట మాత్రం మందు ఎప్పుడూ మీదే పడుతుంది. పోలీసులొస్తారని, ఊళ్ళో తలెత్తుకోలేమని భయం. ఆ భయం ఆమెకు అర్థమవుతుంది కూడా. కానీ నమ్మితే మాత్రం నష్టపోయేది మంచం మీది మనిషి. ఒకసారి ఇలాగే మీద పడిందన్న మాట నమ్మి కడుపు కడగడం ఆలస్యం చేస్తే ఒక పిల్లాడి ప్రాణం మీదికొచ్చింది. అప్పటినుంచి ఆమె చుట్టాల మాట వినడం మానేసి వాసన మాట వినడం మొదలుపెట్టింది.

డ్యూటీ డాక్టరు చైతన్య కుర్రవాడు. ఇలాంటి కేసుల్లో స్వర్ణలత ముఖం చూసే నిర్ణయానికి వస్తాడు. ముక్కులోంచి ట్యూబు దించి కడుపు కడిగారు. వచ్చింది పొద్దున తిన్న సంగటీ, నీళ్ళూ. ఘాటు బాగానే ఉంది. గదంతా అదే ఘాటైనప్పుడు అది ఎక్కడినుంచి వస్తోందో ఎవరు వెతుకుతారు?

ఆయా సిద్ధమ్మ తడిసిన చీర విప్పి, చిరగని చీర కదా అని ఒక ప్లాస్టిక్ కవర్లో కుక్కి మంచం కింద పెట్టింది. రవిక విప్పడానికి వీల్లేక స్వర్ణలత కత్తెరతో ముందు భాగం కోసుకుంటూ పైకి వచ్చింది. మెడ దగ్గరికి రాగానే కత్తెర తనంతట తానే ఆగింది. పసుపు తాడు. లావుగా పేనిన నూలు తాడు, రెండు చిన్న బొట్లు, నల్లపూసలు. ఇక్కడ ఏ నర్సూ దాని జోలికి పోదు. ఆపరేషన్ టేబులు మీద కూడా దాన్ని పక్కకు జరిపి ప్లాస్టరు అంటిస్తారే గాని తీయరు. స్వర్ణలత కూడా తాడును భుజం వైపుకు జరిపి, చుట్టి, పైన ప్లాస్టరు వేసింది. ముఖం తుడిచి గౌను తొడిగారు. జడను తలకింద సర్దారు. ఇంజెక్షను పడ్డాక నురగ తగ్గింది, ఊపిరి కాస్త తేరుకుంది.

సాయంత్రం ఔట్‌పోస్టు కానిస్టేబుల్ లక్ష్మీపతి వచ్చాడు. ఏం జరిగిందని వరండాలో స్వర్ణలతనే అడిగాడు.

"వాసన సూస్తే తెలీదా అప్పా, తాగిందే. అత్తా కోడళ్ళ రగడ అయ్యుంటుంది" అంది ఆమె, సెలైన్ బాటిలు చేతిలో పట్టుకొని, నడక ఆపకుండా.

ఆ ఒక్క మాట చాలింది. లక్ష్మీపతి యశోదమ్మను వరండాలో నిలబెట్టాడు. కోడల్ని ఏమన్నావు, ఎప్పుడన్నావు, తిండి పెట్టేదానివా లేదా, పిల్లలు లేరని సాధించేదానివా. పక్క వార్డు చుట్టాలంతా మూగి చూశారు. యశోదమ్మ సన్నటి మనిషి, భర్త పోయి చాలా కాలమైంది, నుదుటన విబూది తప్ప ఏమీ లేదు. మీద పడింది సామీ అని చెప్పి చెప్పి, గొంతు పట్టేసి, చివరికి కొంగుతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉందని స్వర్ణలత మనసులో అనుకుంది. ఏం చేసి ఉండకపోతే అన్నిసార్లు ఎందుకు తుడుచుకుంటుందని కూడా అనుకుంది.

మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి వాణి కళ్ళు తెరిచి ఉంది. స్వర్ణలతకు ప్రాణం కుదుటపడింది. కానీ టిఫిన్ల వేళకే మళ్ళీ చెమట, మళ్ళీ నురగ, కంటిపాపలు ఆవగింజంత. డోసు పెంచితే లేస్తుంది, తగ్గిస్తే పడిపోతుంది. తాగిన మందు కడుపులోంచి కడిగేశాక, ఇంతింత విరుగుడు ఎక్కిస్తుంటే, కొత్తగా ఎక్కడినుంచి వస్తోంది ఈ విషం? చైతన్య పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పాడు. కొవ్వులో దాగిన మందు మెల్లగా బయటికి వస్తుందట. వస్తుంది, నిజమే. అయినా స్వర్ణలతకు ఏదో కుదరడం లేదు. కాలు కాలిన పిల్లిలా మంచం చుట్టూ తిరుగుతోంది, సెలైన్ చుక్కలు చూస్తుంది, మానిటరు చూస్తుంది, కిటికీ తెరుస్తుంది, మూస్తుంది. పొద్దుటినుంచి ఆమెకే కళ్ళు మసకగా ఉన్నాయి. అద్దాలు మార్చాలి కాబోలు అనుకుంది. సిద్ధమ్మ నిన్నటినుంచి తల పగిలిపోతోందంటే ఎండదెబ్బ, మజ్జిగ తాగమని కసిరింది.

చైతన్య మునిశేఖర్ని పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పాడు. ఊపిరి కండరాలు అలసిపోతున్నాయి. సాయంత్రానికి ఇలాగే ఉంటే వెంటిలేటరు కావాలి, ఇక్కడున్న ఒక్కటీ ఖాళీగా లేదు, కుప్పం పెద్దాసుపత్రికి పంపాలి. పుంగనూరు, వి.కోట మీదుగా అంత దూరం. దారిలో ఏమైనా కావచ్చు. మునిశేఖర్ తల ఊపాడు, మళ్ళీ ఊపాడు. స్వర్ణలతకు ఆ దారి తెలుసు. ఈ స్థితిలో ఆ పిల్ల వి.కోట దాటదని కూడా తెలుసు. ఆ మాట పైకి అనకుండా సెలైన్ చుక్కలు మరోసారి లెక్కపెట్టింది.

యశోదమ్మ మాత్రం మంచం తలవైపు స్టూలు మీదినుంచి కదల్లేదు. రాత్రంతా అలాగే కూర్చుందట. కోడలి తలను తన ఒళ్ళోకి తీసుకొని, జడ విప్పి, చిక్కు పాయలు వేళ్ళతో విడదీస్తూ, మెడ కింద చెమటను కొంగుతో అద్దుతూ. మధ్యలో ఎవరో ఇడ్లీ పొట్లం ఇస్తే ఆ చేత్తోనే రెండు ముక్కలు నోట్లో వేసుకుంది. ఊరంతా చూసే వరకూ ఈ ప్రేమ ఎక్కడ దాచిందో అని పక్క మంచం ఆడమనిషి గొణిగితే స్వర్ణలత కాదనలేదు.

ఎండ ముదిరే వేళకు యశోదమ్మ స్టూలు మీదనే ముందుకు వంగి వాంతి చేసుకుంది. లేవబోయి గోడకు జారబడింది. చొంగ కారుతోంది, చెంపల మీద చెమట ధారకట్టింది. చైతన్య టార్చి వేసి కళ్ళు చూసి, నిటారుగా లేచి నిలబడ్డాడు. ఈమె కూడా తాగేసింది, నిన్న పోలీసు అడిగినదానికి భయపడి ఉంటుంది అన్నాడు. మునిశేఖర్ నేల మీద కూలబడ్డాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఒకరు చాలరన్నట్టు ఇప్పుడు ఇద్దరు. వార్డంతా ఒక్కసారి గుసగుసలాడింది, చూశారా, తప్పు చేసింది కాబట్టే తాగింది అని.

స్వర్ణలత ట్యూబు చేతపట్టుకొని యశోదమ్మ దవడ పట్టి నోరు తెరిచింది. వాసన కోసం, ఎప్పటిలాగే, ముక్కు ఆ నోటి దగ్గర పెట్టింది. ఆకూ వక్కా వాసన. ఇంకాస్త వంగింది. ఆకూ వక్కే. మందు వాసన ఆ నోట్లో లేదు.

తల దించింది. యశోదమ్మ ఒళ్ళో, చీర కుచ్చెళ్ళ మీద, కోడలి తల ఆనిన చోట గుండ్రంగా జిడ్డు మరక. వాసన అక్కడినుంచి గుప్పున వచ్చి కళ్ళు మండాయి. స్వర్ణలత ట్యూబు వదిలేసి వాణి మంచం దగ్గరికి పోయింది. జడ పాయ ఎత్తింది. లోపలి వెంట్రుకలు ఇంకా జిగటగానే ఉన్నాయి. మెడ మీద నిన్న తన చేత్తో వేసిన ప్లాస్టరు కొస లాగింది. కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది, పసుపు తాడు మందులో నానిన వత్తిలా మెడకు అతుక్కొని ఉంది. ఆ తాడు మీద ప్లాస్టరు వేసి, విషాన్ని మెడకు కట్టుకట్టింది తనే.

మీద పడింది సిస్టరమ్మా అని ఆ ముసలమ్మ ఎన్నిసార్లు చెప్పింది? స్వర్ణలతకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కూర్చొని సిగ్గుపడే తీరిక లేదు కాబట్టి లేచింది.

"తాగలేదు సార్. ఇద్దరూ తాగలేదు. మందంతా పైనే ఉండాది" అంది. చైతన్య వచ్చి ప్లాస్టరు కింద చూశాడు. తర్వాత, నిన్నటి చీర ఎక్కడుంది అని అడిగాడు. సిద్ధమ్మ మంచం కిందికి వేలు చూపించింది.

అక్కడినుంచి ఎవరికీ నిలబడే తీరిక లేకపోయింది. కరోనా నాటి తెల్ల సూట్లు స్టోరు రూములో అటక మీద మూలుగుతున్నాయి. వాటిని చూస్తేనే నర్సులకు ఆ రోజులు గుర్తొచ్చి ఒళ్ళు జలదరిస్తుంది. స్వర్ణలత పెట్టె కిందికి లాగించి, తను ఒకటి తొడుక్కొని, సిద్ధమ్మకూ చైతన్యకూ చెరొకటి ఇచ్చింది. పల్చటి గ్లౌసుల మీద బాత్రూములు కడిగే లావు గ్లౌసులు, మణికట్టు దగ్గర టేపు, కళ్ళకు అద్దాలు. ఆ ఎండలో సూటు జిప్పు పైకి లాగేసరికే వీపున చెమట దిగింది. సిద్ధమ్మ ఉక్కపోతకు సణిగితే, నీ తలనొప్పి ఎండదెబ్బ కాదే, నాదే బుద్ధి తక్కువ అని స్వర్ణలత ఒప్పుకుంది. మందు పడ్డవాళ్ళను ఎట్లా కడగాలో ఒకసారి శిక్షణలో చెప్పారు. మనకు ఫ్యాక్టరీలు ఎక్కడున్నాయని ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. డబ్బాడు మందు అటక మీద లేని ఇల్లు ఈ చుట్టుపక్కల ఏదని అప్పుడు ఒక్కరికీ తట్టలేదు.

వెనక వైపు, నీళ్ళు ఇంకుడు గుంతలోకి పోయేచోట దుప్పట్లు నాలుగు వైపులా కట్టారు. పరుపు తీసేసిన స్ట్రెచర్ మీద వాణిని తెచ్చారు. మూట చేసిన చీర, తలగడ, గౌను, దుప్పటి అన్నీ ఒక కవర్లో, దాన్ని ఇంకో కవర్లో వేసి మూతి బిగించారు. యశోదమ్మ నడవగలిగింది. ఇంజెక్షను వేశాక ఆమెను పక్క కొళాయి కింద కూర్చోబెట్టి సిద్ధమ్మ సబ్బుతో తల నుంచి కాళ్ళదాకా రుద్దింది. మునిశేఖర్ని కూడా బాత్రూముకు తోలి, స్నానం చేసి బట్టలు మార్చుకొని దుప్పటి అవతల ఉండమన్నారు.

జుట్టు కోయాలని స్వర్ణలత అవతలికి చెప్పింది. కోయండమ్మా అన్నాడు మునిశేఖర్ వెంటనే. తాడు కూడా తీయాలంది. అవతల అతను రెండడుగులు వెనక్కి వేసిన చప్పుడు వినిపించింది.

సిద్ధమ్మ ఆలోచన సిద్ధమ్మది. పసుపు కొమ్ము కట్టిన కొత్త దారం మెళ్ళో వేసి తర్వాత పాతది తీస్తే దోషం ఉండదు, తాడు మార్చుకునేటప్పుడు అందరం చేసేది అదే కదా అంది. స్వర్ణలత దాదాపు సరేనంది. ఆమెకూ అదే మేలనిపించింది. అంతలో ఆ మెడ చూసింది. కొత్త దారం ఆ మెడ మీద పడిన మరుక్షణం అదీ మందు పీలుస్తుంది. మెడ కడగాలి, మడతల్లో కడగాలి, ఏమీ అడ్డం లేకుండా కడగాలి. కాసేపు ఆ పిల్ల మెడ బోసిగా ఉండాల్సిందే.

కత్తెర పట్టుకుంది. జుట్టు కోసేసింది. కత్తెర మెడ దగ్గరికి తెచ్చింది. చెయ్యి ముందుకు పోలేదు. సూటు లోపల తన మెళ్ళో తాడు చెమటకు రొమ్ముకు అంటుకొని ఉంది. ఇంట్లో భర్త ఈపాటికి అన్నం తిని పడుకొని ఉంటాడు. ఇదంతా పిచ్చి నమ్మకమని ఎవరైనా అడిగితే తనే అరగంట చెప్పగలదు. అయినా కత్తెర మూసి వెనక్కి తీసుకుంది. నీళ్ళ పైపు పట్టుకొని నిలబడ్డ చైతన్య, ఇవ్వండి నేను కోస్తాను అన్నాడు గాని, వెనక్కి తిరిగి దుప్పటి వైపు చూస్తూ అన్నాడు. దుప్పటి అవతల ఆ పిల్ల భర్త నిలబడి ఉన్నాడు.

"ఇట్లియ్యమ్మా" అంది యశోదమ్మ.

తడిసిన గౌనులో, గోడ పట్టుకొని లేచి వచ్చింది. స్వర్ణలత కాదనబోయింది.

"నువ్వు ముత్తైదువ్వి, నీ చేత్తో యాల? నాది తెంపినప్పుడు సూసినా, ఎట్ల తెంపేదీ నాకు తెలుసు." ఆమె గొంతులో ఏడుపు లేదు, తొందర ఉంది. "కన్నదాన్ని నేను. వానికేమన్నా అయితే ఆ పాపం నాకే రానీ. ఈ బిడ్డను మాత్రం బండెక్కించి పంపద్దండి."

స్వర్ణలత ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. గ్లౌసులు తెమ్మంది. తడి చేతులకు గ్లౌసులు ఎక్కవు, అందులోనూ కూలిపనికి కాయలు కాసిన వేళ్ళు. ఆ చేతులను పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ సరిచేసి తొడిగింది. నిన్న ఈ చేతులు కొంగుకు తుడుచుకుంటుంటే తప్పు తుడుచుకుంటోందనుకుంది. తొడుగుతున్నంతసేపూ ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.

యశోదమ్మ దుప్పటి వైపు తిరిగి, "శేఖరా, నువ్వు ఆ తట్టు తిరుక్కో" అని చెప్పింది. తర్వాత తాడు కిందికి కత్తెర పోనిచ్చి, కళ్ళు మూసుకోకుండా, ఒక్క కోత కోసింది. బొట్లు జారి సబ్బునీళ్ళ గిన్నెలో పడ్డాయి. తాడు కవర్లోకి పోయింది. చైతన్య నీళ్ళు వదిలాడు.

మెడ, చెవుల వెనక, చంకలు, గోళ్ళ సందులు, మళ్ళీ మెడ. కడిగిన నీళ్ళలో ఆ ఘాటు పోయేదాకా కడిగారు. ఆ తర్వాత కుప్పం మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికి డోసు తగ్గించినా వాణి పడిపోలేదు. రాత్రి డ్యూటీ నర్సు ఫోను చేసి, నిలకడగా ఉంది అక్కా అని చెప్పేదాకా స్వర్ణలత ఇంట్లో ముద్ద మింగలేదు.

మర్నాడు లక్ష్మీపతిని వెతికి పట్టుకొని, ఆ పిల్ల తాగలేదప్పా, మీద పడింది, ఆ పెద్దామెను విడిచిపెట్టండి అంది. అతనికి చిరాకేసింది. నువ్వే కదమ్మా తాగిందని చెప్పింది అన్నాడు. ఔను, నేనే చెప్పినా, తప్పు చెప్పినా, ఆ మాట ఎవరి ముందర చెప్పమన్నా చెప్తా అంది. వరండాలో చుట్టాలంతా ఉండగానే అంది. నిన్నంతా గుసగుసలాడిన పక్క మంచం ఆడమనిషి ఫ్లాస్కు పట్టుకొని కాఫీకి వెళ్ళిపోయింది. యశోదమ్మకు మాత్రం స్వర్ణలత ఆ మాట నేరుగా చెప్పలేకపోయింది. రెండుసార్లు ఆమెకు వేసిన పక్క మంచం దాకా వెళ్ళి, సెలైన్ చూసి వెనక్కి వచ్చింది.

వాణికి పూర్తిగా తెలివి వచ్చిన పొద్దున స్వర్ణలత అక్కడే ఉంది. ఆ పిల్ల ముందు తల తడుముకుంది. కురచ జుట్టు. చెయ్యి మెల్లగా మెడ మీదికి దిగింది. మెడంతా తడిమింది, ఒక వైపు, రెండో వైపు. పచ్చి చర్మానికి పూసిన మందు వేళ్ళకు తగిలిందే గాని తాడు తగల్లేదు. కడిగిన హడావిడిలో అందరూ అన్నీ గుర్తుపెట్టుకున్నారు, పుండు ఆరాక కొత్తది కట్టొచ్చులెమ్మని మాట్లాడుకున్నారు కూడా. ఈ పిల్లకు ముందుగా చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. వాణి కళ్ళు గదంతా తిరిగాయి. పక్క మంచం మీద బోసి మెడతో అత్త. మొగుడు ఎక్కడా లేడు. ఊపిరి ఎగబీల్చింది, మానిటరు కుయ్యికుయ్యిమంది. స్వర్ణలత ఒక్క ఉదుటున వచ్చి భుజాలు పట్టుకుంది.

"వానికేం కాలేదు మే" అంది యశోదమ్మ, మంచం మీద లేచి కూర్చుంటూ. "బయట టీ తాగతాండాడు. తాడు నేనే కోసినా. మందు పట్టిండె దానికి."

చెప్పేసి, తిట్టినా శాపనార్థాలు పెట్టినా పడటానికి సిద్ధమైన మనిషిలా తల దించుకుంది. వాణి ఆమెనే చూస్తోంది. పెదవులు ఎండి అతుక్కుపోయి ఉన్నాయి. ఏదో అంటోంది, వినపడటం లేదు. స్వర్ణలత చెవి ఆమె నోటి దగ్గరికి వంచింది.

"ఒట్టి చేతులతోనా అత్తా?"

యశోదమ్మకు వినపడలేదు, ఏమంటాండాది అని స్వర్ణలతను అడిగింది. స్వర్ణలత తడిగుడ్డతో వాణి పెదవులు అద్దింది. వాణి మళ్ళీ అడగబోయి దగ్గింది. చెయ్యి రెండు మంచాల సందులోంచి అత్త వైపు చాచింది. స్వర్ణలత ఆ చెయ్యి కింద తన చెయ్యి ఆనించింది.

"గ్లౌసులు ఏసినానమ్మా" అంది. "నేనే ఏసినా."